మ్యాట్‌లు వెనక్కి, ఆట గంట మాత్రం ఉంటుంది

మా ట్యూషన్ సెంటర్‌కి పిల్లల్ని పంపే అమ్మానాన్నలకు, సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చే అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

పోయిన మంగళవారం మేడ మీద కబడ్డీ ఆడుతూ నాలుగో తరగతి బాబు పడ్డాడు. మణికట్టు బెణికింది. ఎక్స్‌రే తీయించాం, ఎముక విరగలేదు. ఆ రోజు గేటు దగ్గర మీలో కొందరికి "చిన్న దెబ్బేనండీ" అని చెప్పి పంపేశాను. అసలు సంగతి చెప్పలేదు. తప్పు కొత్త మ్యాట్‌లది. వాటిని పరిపించింది నేను.

దసరా సెలవులకు ముందు వీటి కోసమే తలా 300 తీసుకున్నాను కదా. మీటరు పలకలు 48, మందం 40 మిల్లీమీటర్లు అని కాగితం మీద రాయించుకుని మరీ అడ్వాన్సు ఇచ్చాను. కట్టలు విప్పగానే టైర్ల కొట్టు వాసన. స్కేలు పెడితే 25. అమ్మినతనికి ఫోన్ చేస్తే "లోడులో అణిగిపోయాయి మేడం, రెండు రోజులు ఎండలో వేయండి, లేస్తాయి" అన్నాడు. పూరీలా పొంగడానికి అవేమన్నా పిండా? అయినా నమ్మి ఎండబెట్టాను. మందం పెరగలేదు, అంచులు మాత్రం పైకి తిరిగాయి. పలకల్ని కలిపే పళ్లు గట్టిగా పట్టుకోవడం లేదు, పిల్లలు కాలు మెలితిప్పి తిరిగితే చాలు, వేలు దూరేంత సందు పడుతోంది. ఆ సందులోనే బాబు బొటనవేలు ఇరుక్కుంది.

మళ్లీ ఫోన్ చేశాను. "అడ్జస్ట్ చేసుకోండి మేడం, ఆడేది పిల్లలే కదా" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. సరుకు వెనక్కి తీసుకుంటాడట, అడ్వాన్సులో సగం మాత్రం ఇవ్వడట. ఆ నష్టం నాది. మీ 300 వచ్చే నెల ఫీజులో తగ్గిస్తాను, ఎవరూ అడగక్కర్లేదు.

నిద్ర పట్టనివ్వనిది ఇంకోటి. దెబ్బ తగిలాక, ఆట గంట తీసేసి హోంవర్క్ పెట్టమని తొమ్మిది మంది అడిగారు. "ఆడించడానికి కూడా ఫీజా, వీధిలో ఆడుకోరా" అని ఒకరు నవ్వారు కూడా. మన వీధిలో బండ్ల మధ్య ఏ పిల్ల ఆడుతోందో నాకు చూపించండి. డబ్బు లెక్కలో వాళ్లదే కరెక్టు. ట్యూషన్ గంటకి ఎక్కువ తీసుకోవచ్చు, ఆటల మాస్టారి జీతం మిగులుతుంది. మూడుసార్లు కాగితం మీద వేసి చూసుకున్నాను. చేతులు రాలేదు. పొద్దున్నుంచి బెంచీ మీద, తర్వాత ఆటోలో, మళ్లీ నా దగ్గర బల్ల ముందు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఉన్న ఒక్క గంటా నేనే తీసేస్తే వాళ్లకి ఇంకెక్కడ దొరుకుతుంది?

అయితే ఆ గంటనీ నేను సరిగ్గా వాడలేదు. గురువారం వాచీ పట్టుకుని ఒక పాపనే గమనించాను. గంటలో తను కదిలింది 14 నిమిషాలు. అవుటైతే గట్టు మీద కూర్చోవాలని రూలు పెట్టింది మేమే. బాగా పరిగెత్తేవాడు ఆఖరిదాకా ఆడతాడు, పరుగు రాని పిల్ల మొదట్లోనే కూర్చుంటుంది. ఖో-ఖో సంగతీ అంతే, తరిమే జట్టు తొమ్మిది మందిలో ఎనిమిది మంది వరసలో కూర్చునే ఉంటారు. జిల్లా జట్టుకి ఆడినదాన్ని, ఇన్నేళ్లూ నాకిది తట్టలేదంటే సిగ్గుగా ఉంది. ఇప్పుడు నలుగురేసి చొప్పున చిన్న వరసలు, మూడు ఆటలు ఒకేసారి. అవుటైనవాళ్లు వేపచెట్టు చుట్టూ ఒక రౌండు కొట్టి మళ్లీ ఆటలోకి.

సోమవారం నుంచి ఆట మన సెంటర్ వెనక ఉన్న ఖాళీ స్థలంలో. స్థలం వాళ్లు ఒప్పుకున్నారు, ముళ్లూ గాజుపెంకులూ రెండుసార్లు ఏరించాను. కార్తీకంలో ఐదున్నరకే చీకటి పడుతోంది కాబట్టి నాలుగున్నరకి ఆట, ఆ తర్వాతే హోంవర్క్. వాన పడితే వరండాలో తొక్కుడుబిళ్ల, తాడాట.

హోంవర్క్ ఒక్కటే కావాలనేవాళ్లకి ఈ నెల ఫీజు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను. ఇద్దరు ఇప్పటికే మానేశారు. బాధ లేదని అనను, నిర్ణయం మార్చుకోను.

పాత బట్టలు ఒక జత పంపండి, మట్టి అంటుతుంది. మ్యాట్‌లు లారీ వచ్చేదాకా మెట్ల కిందే ఉంటాయి. తాతయ్యలు దయచేసి వాటి మీద కూర్చోకండి, ఆ వాసన రెండు ఉతుకులు ఉతికినా పోవడం లేదు.