తెన్నేటి పార్కు ఓడకి ఒక బోర్డు పెట్టండి

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం తెన్నేటి పార్కు దగ్గరి ఓడ ఫొటో వేసి, విశాఖకి అదో కొత్త అందమన్నట్టు రాశారు. ఫొటో బాగుంది, కాదనను. కానీ అది మనల్ని మురిపించడానికి వచ్చి ఆగిన ఓడ కాదండి. 2020 అక్టోబరు 13 తెల్లవారుజామున, వాయుగుండం గాలికి లంగరు నిలవక రాళ్ల మీదికి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ సరుకు ఓడ. పేరు ‘మా’. అందులోని 15 మందీ ప్రాణాలతో బయటపడ్డారు, అంతవరకు సంతోషం.

ఈ ముక్క అక్కడికొచ్చేవాళ్లలో ఎంతమందికి తెలుసు? మొన్న సాయంత్రం నా పక్కనే ఒకాయన మురీ మిక్చర్ తింటూ కొడుక్కి చెబుతున్నాడు, ‘నేవీ వాళ్లు చూడ్డానికి పెట్టారు నాన్నా’ అని. ఆర్కే బీచిలో మ్యూజియంగా పెట్టిన నేవీ వాళ్ల కురుసుర సబ్‌మెరీన్ చూసొచ్చిన మనిషి, ఇదీ అలాంటిదే అనుకున్నాడు పాపం. చెప్పడానికి ఒక్క బోర్డుంటే కదా!

దీన్ని రెస్టారెంటు చేస్తామన్నప్పుడు మీరే పెద్దక్షరాల్లో వేశారు. ఇప్పటిదాకా అక్కడ వడ్డించింది తుప్పు ఒక్కటే.

మాది కాకినాడ దగ్గర కోరంగి రేవు వైపు. మా తాత తెరచాప ఓడ మీద కళాసీగా రంగూన్ వెళ్లొచ్చినవాడు. గాలి తిరిగితే ఒడ్డు పక్కన లంగరుని నమ్ముకోకూడదనేవాడు. నడిసముద్రంలో ఓడ కొట్టుకుపోయినా చోటుంటుంది, ఒడ్డున రాళ్లుంటాయి, అంతే తేడా. 1839లో కోరంగిని ఉప్పెన ముంచినప్పుడు ముందుగా చెప్పేవాడు లేడు. 2020లో టీవీ పెడితే చాలు, వాయుగుండం, వాయుగుండం అని ఒకటే గోల. ఇంజనున్న ఓడ కూడా తెరచాప పడవలా రాళ్లెక్కిందంటే మా తాత నమ్మేవాడు కాదు.

సరే, అది సముద్రం సంగతి. ఒడ్డు మీద ఉన్న మనమేం చేశాం? నాచు పట్టిన రాళ్ల మీద చంటిపిల్లల్ని చంకనేసుకుని సెల్ఫీలు దిగుతున్నారు. చీకటి పడితే కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడదు. ఒక లైటు వెయ్యమని అర్జీ పట్టుకెళ్లాను. ఒక ఆఫీసులో బీచి మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో ఓడ మాది కాదన్నారు. మూడో చోట గుమాస్తా మర్యాదగా తీసుకుని స్టాంపు కూడా వేశాడు. ఇంటికొచ్చి చూస్తే దాని మీద ముందు రోజు తేదీ ఉంది. స్టాంపులో తేదీ తిప్పే ఓపిక లేనివాళ్లు ఓడని కదుపుతారా?

వెనకటికి ఉత్తరం రాస్తే ‘అందినది’ అనైనా జవాబొచ్చేది. ఇప్పుడు అన్నీ ఆన్‌లైనట, కంప్లయింటు నంబరు మాత్రం ఠంచనుగా వస్తుంది.

ఓడని ఉంచుతారో, తీసేస్తారో పెద్దలు తీరిగ్గా తేల్చుకోవచ్చు, నాకు తొందర లేదు. బోర్డుకి రేకూ పెయింటూ నేనే కొనిస్తాను. రాయమంటే రాస్తాను కూడా, నా చేతిరాత బాగానే ఉంటుంది. పర్మిషన్ ఏ ఆఫీసులో అడగాలో ఒక్కటి కనుక్కుని మీ పత్రికలో వెయ్యండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
పెదవాల్తేరు, విశాఖపట్నం