డీజీసీఏ డైరెక్టర్ జనరల్ గారికి ఒక పైలట్ భార్య బహిరంగ లేఖ

దేశంలో విమానయాన రూల్స్ పెట్టే డీజీసీఏ సంస్థకి అధిపతి, గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి నమస్కారం.

మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు యలహంకలో. మా ఆయన ఒక బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో కో-పైలట్. కంపెనీ పేరు రాయను, రాస్తే ముందు పోయేది ఆయన ఉద్యోగమే కదండీ. రోస్టర్ (డ్యూటీల పట్టిక) గురించి ఆయన మెయిల్స్ పెట్టారు, మేనేజర్లని కలిశారు, చూస్తాం అన్నారు, అంతే. అందుకే నలుగురి ముందు మీకు రాస్తున్నా.

2024 జనవరిలో మీ ఆఫీసే మంచి రూల్స్ తెచ్చింది, పైలట్లకి వారానికి 36 గంటల రెస్ట్‌ని 48 చేసింది, రాత్రిపూట ల్యాండింగులు 6 నుంచి 2కి తగ్గించింది. ఎయిర్‌లైన్స్‌కి పైలట్లని తీసుకోవడానికి బోలెడు టైమ్ ఉంది, అయినా పైలట్లు చాలక 2025 డిసెంబర్‌లో ఫ్లైట్లు వరసగా క్యాన్సిలై జనం ఎయిర్‌పోర్టుల్లో నేల మీద పడుకున్నారు, చూసి నాకూ బాధేసింది. కానీ డిసెంబర్ 5న మీరు వెనక్కి తీసుకున్నది ఏంటి? లీవుని వీక్లీ రెస్ట్ కింద లెక్కేయకూడదన్న క్లాజు!

అంటే ఆయన పండక్కి లీవు పెడితే ఆ వారం రెస్ట్ కూడా అందులోనే పోవచ్చు. తెల్లవారుజాము ఫ్లైటుంటే అర్ధరాత్రే లేచి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకి బయల్దేరతారు, తిరిగొచ్చాక పాపతో మాట్లాడుతూనే నిద్రపోతారు, అలాంటి మనిషి చేతుల్లో వందమందికి పైగా ప్రాణాలున్నాయండీ. ఉద్యోగం మానేద్దామంటే కో-పైలట్‌కి 6 నెలలు, కెప్టెన్‌కి ఏడాది నోటీసు.

దయచేసి ఆ క్లాజు తిరిగి పెట్టండి. ఏ ఎయిర్‌లైన్‌కి ఈ రూల్స్ నుంచి సడలింపు ఇచ్చినా కారణం, గడువు అందరికీ కనపడేలా పెట్టండి, పైలట్లు అలసిపోయామని ఇచ్చే రిపోర్టులు కంపెనీకి కాకుండా నేరుగా మీకే చేరే ఏర్పాటు చేయండి.

ఇట్లు,
ఒక కో-పైలట్ భార్య, బెంగళూరు