రోళ్లపాడు మీది తీగలకు బిళ్లలు కట్టండి

సంపాదకుల వారికి,

మాది నంద్యాల జిల్లా మిడుతూరు మండలం. రోళ్లపాడు అభయారణ్యం మా చేలకు దగ్గరే. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పొద్దున్నే శనగ చేనుకు పోతే, హైటెన్షన్ లైను కింద ఆడ నెమలి పడి ఉంది. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. ఈక ఒక్కటీ కాలలేదు, కుడి రెక్క మాత్రం మొదలంటా విరిగి వేలాడుతోంది. షాక్ కొట్టి కాదు, ఎగురుతూ వచ్చి తీగకు గుద్దుకొని చచ్చిపోయింది.

వెంటనే నాకు బట్టమేక గుర్తొచ్చింది. ఆ పిట్ట కోసమే 1988లో ఈ అభయారణ్యం పెట్టారు. చిన్నప్పుడు మా నాయన కొర్ర చేను గట్టున నన్ను కూర్చోబెట్టి, నోరు మెదపొద్దని సైగ చేసి చూపించాడు. మేకపిల్లంత పిట్ట, మెడ నిక్కించి ఒక్కో అడుగే వేస్తూ మిడతలు ఏరుకుంటోంది. మగది 15 కిలోల దాకా తూగుతుంది. కళ్లు తలకు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి ఎదురుగా ఉన్న తీగ దగ్గరికొచ్చేదాకా ఆనదు. ఆనినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. పెట్ట ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒక్క గుడ్డు. అలాంటి జాతిలో ఒక్కటి పోయినా పెద్ద నష్టమే.

థార్ ఎడారిలో 4,200 చదరపు కిలోమీటర్లలోనే ఏటా 84 వేల పక్షులు తీగల వల్ల చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. రాజస్థాన్, గుజరాత్ తీగల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లి తీగలు భూమిలోంచి వేయాలని, కుదరని చోట బిళ్లలు కట్టాలని 2021లో ఉత్తర్వులొచ్చాయి, 2024లో వాటిని సడలించారు. రోళ్లపాడు ఊసెత్తేవారేరి?

సోలారూ గాలిమరలూ వద్దని నేననను. గని, శకునాల దగ్గరి వెయ్యి మెగావాట్ల పార్కు మాకేం దూరం కాదు, ఆ కరెంటు అందరికీ కావాలి. కరెంటు ఎక్కడ తయారైనా తీగలు మాత్రం పిట్టలు తిరిగే గడ్డి నేలల మీదుగానే పోతున్నాయి.

సంబంధిత ఆఫీసులో చెబితే, “ఇప్పుడక్కడ బట్టమేకే కనబడటం లేదు కదా, ఎవరి కోసం?” అన్నారు. ఆ మాటకు నాకు చాలా బాధేసింది. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే గద్దలు రాత్రిళ్లు ఈ గడ్డిలోనే పడుకుంటాయి. జైసల్మేర్‌లో బట్టమేక పిల్లల్ని కేంద్రాల్లో పొదిగించి పెంచుతున్నారు. రేపు వాటిని ఇక్కడికి తేవాలన్నా ముందు ఈ తీగల సంగతి తేలాలి. కృష్ణజింకలు మా పంట మేస్తున్నా, ఈ అడవి పోవాలని నేనేనాడూ కోరుకోలేదు.

అభయారణ్యం చుట్టూ ఉన్న లైన్లకు పిట్టలకు దూరం నుంచే ఆనేలా మెరిసే బిళ్లలు కట్టండి, కొత్తవి భూమిలోంచి వేయండి. నెమలి పడిన చోటు నేను చూపిస్తాను. బిళ్లలు కట్టేవాళ్లు శనగ కోతయ్యాక మా చేలోకి ఎప్పుడైనా రావచ్చు.

– ఒక రైతు, మిడుతూరు మండలం, నంద్యాల జిల్లా