నర్సమ్మలకు ప్రాణాయామం చెబుతారా?

సంపాదకుల వారికి,

మే 12న నర్సుల దినోత్సవమని సైనిక నర్సుల మీద మీరు వేసిన అరపేజీ చదివి పది రోజులు ఓర్చుకున్నాను. కొవ్వొత్తి బొమ్మ, 'తెల్లబట్టల దేవతలు' అన్న శీర్షిక, అడుగున ఒత్తిడి తగ్గడానికి ప్రాణాయామం చేయమని సలహా. భేష్!

మా అక్క రిటైరైన సైనిక నర్సు. కార్గిల్ అప్పుడు ఉత్తరాన ఒక ఆసుపత్రిలో ఉంది. ఏ స్ట్రెచర్ ముందు లోపలికి వెళ్లాలో చెప్పేది ఒకరు, ఇక బతకడని పక్కన పెట్టిన కుర్రాడి చెయ్యి పట్టుకుని కూర్చునేది ఇంకొకరు. "సిస్టర్, నన్నెప్పుడు తీసుకెళ్తారు?" అని వాడడిగితే "ఇదిగో, నీదే తర్వాత" అందట అక్క. అబద్ధమని ఆమెకు తెలుసు. పాతికేళ్లు దాటినా ఆ మాట దగ్గరికొచ్చి ఆగిపోతుంది. వైద్య అవసరాన్ని బట్టే ముందువెనకలు చూడాలని 1949 జెనీవా ఒప్పందంలో రాసుకున్నారు. రాసినవాళ్లకేం, మంచాలు చాలని చోట డ్యూటీ చేసింది మా అక్క.

దీన్ని ఒత్తిడి అనరండీ. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే అమెరికా డాక్టరు 1990ల్లోనే 'మోరల్ ఇంజరీ' అన్నాడు. అంటే మనస్సాక్షికి తగిలిన దెబ్బ. ఊపిరి బిగబట్టి వదిలితే పోయేదా అది?

సాయం దొరుకుతుందేమోనని ఇక్కడో కార్యాలయానికి తీసుకెళ్లాను. ఫారంలో బీపీకి గడి ఉంది, షుగరుకు ఉంది, మోకాళ్లకూ ఉంది. "మేడంకి ఏం జబ్బని రాయమంటారు?" అన్నాడు గుమస్తా.

అసలు సైనిక నర్సులను ఏనాడు మనుషులుగా చూశారు గనుక? 1888 నుంచి ఉన్న సర్వీసు. పెళ్లి చేసుకుందని 1988లో ఒకామెను ఇంటికి పంపేస్తే, అది తప్పు, 60 లక్షలివ్వండి అని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 వచ్చింది. దేవతలు కదా, ఎన్నేళ్లయినా ఆగుతారని కాబోలు!

వచ్చే ఏడాదైనా కొవ్వొత్తి బొమ్మ మానేసి, తిరుమలగిరి, అల్వాల్, సైనిక్‌పురి వైపు ఒక విలేకరిని పంపండి. ఇలాంటి అక్కలు గేటు గేటుకూ ఉన్నారు. సలహాలు మోసుకురాకుండా కూర్చుని వింటే చాలు. మీ అరపేజీ మా అక్క చూసింది. ఏమీ అనలేదు. ఆవకాయ ముక్కల కింద పరిచింది.

— ఒక రిటైర్డు టీచరు, అల్వాల్, హైదరాబాద్