రాడార్ కొనేముందు స్టాండు లెక్క చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా వెల్డింగ్ షెడ్డు నడుపుతున్నాను. లారీ బాడీలు, ట్రాక్టర్ ట్రక్కులు మా పని. మా అక్కను బందరు ఇచ్చాం కాబట్టి సముద్రంతో కాస్త చుట్టరికం కలిసింది. మా బావగారికి గిలకలదిండి హార్బర్‌లో మరబోటు ఉంది. మూడేళ్ల కిందట దాని మీద ఓపెన్ అర్రే రాడార్, అంటే డోమ్ అనే గుండ్రటి మూత లోపల దాక్కోకుండా బయటికి కనపడుతూ తిరిగే పొడుగాటి పట్టీ ఉన్న రాడార్ పెట్టించారు. స్టాండు పని నాకు అప్పజెప్పారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లకు ఇలాంటి బిగింపులన్నీ ఆ రెండు నెలల్లోనే జరుగుతాయి. వచ్చే నిషేధంలో రాడార్ కొందామనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే మాకు జరిగింది తెలుసుకోవాలని ఈ ఉత్తరం.

కొట్లో బావగారికి చెప్పింది ఒక్కటే మాట: "ఇది 72 మైళ్లు చూస్తుందండీ." ఆ అంకెకే ఆయన డబ్బు కట్టారు. కానీ రాడార్ తరంగం దాదాపు తిన్నగా పోతుంది. భూమేమో గుండ్రం. రాడార్ ఎత్తుకూ ఎదుటి వస్తువు ఎత్తుకూ మీటర్లలో వర్గమూలాలు కట్టి, రెండూ కలిపి 2.2తో గుణిస్తే ఎన్ని నాటికల్ మైళ్ల దాకా కనపడే వీలుందో ఉజ్జాయింపుగా వస్తుంది. బావగారి రాడార్ నీటి మీంచి 5 మీటర్ల ఎత్తులో ఉంది. 25 మీటర్ల ఓడ అయితే 16 మైళ్లు. మీటరున్నర ఎత్తుండే ఫైబర్ పడవ అయితే ఏడున్నర మైళ్లు, అదీ లెక్కకు మాత్రమే. ఫైబరూ చెక్కా తరంగాన్ని గట్టిగా తిప్పికొట్టవు కాబట్టి నిజానికి ఇంకా దగ్గరికొస్తేగాని తెర మీద చుక్క పడదు. మా అమ్మాయి కాలిక్యులేటర్ మీద ఈ లెక్క కట్టి చూపిస్తే బావగారు చాలాసేపు మాట్లాడలేదు.

అలాగని ఓపెన్ అర్రే దండగని నేననను. ఆ డబ్బు పట్టీ పొడవుకు పెట్టాలి. పొడవు పెరిగేకొద్దీ కిరణం సన్నబడుతుంది. ఆయన పాత బోటు మీద అడుగున్నర డోమ్ ఉండేది. దాని కిరణం వెడల్పు సుమారు 5 డిగ్రీలు, మైలు దూరం పోయేసరికి 160 మీటర్ల మేర పరుచుకుంటుంది. అంత వెడల్పులో పక్కపక్కన రెండు పడవలున్నా తెర మీద ఒకటే ముద్ద. నాలుగడుగుల పట్టీకి 2 డిగ్రీల లోపే. అదే మైలు దూరంలో 60 మీటర్లు. బిగించాక మొదటి రాత్రి నేనూ బోటెక్కాను. పాత డోమ్‌కు అలవాటుపడ్డ సరంగు, అంటే బోటు నడిపేవాడు, తెర మీద రెండు చుక్కల మధ్య సందు చూసి నమ్మలేదు, వేగం తగ్గించాడు. దగ్గరికెళ్తే వలలు వేసుకుని ఆగిన రెండు ఫైబర్ పడవలు. ఒకదాంట్లో దీపం కూడా లేదు. బందరు పోర్టు పూర్తయితే ఆ నీళ్లలో పెద్ద ఓడలు పెరుగుతాయి. చీకట్లో ఆ సందు చూడగలిగే రాడార్ అప్పుడు మరీ అవసరం.

ఇక నా పని సంగతి. "ఇంకో రెండు మీటర్లు లేపరా" అన్నారు బావగారు. నేను ఒప్పుకోలేదు. రెండు మీటర్లు లేపితే పెరిగేది మైలు కూడా లేదు. ముప్పై కిలోల సామాను అంత పైన పెడితే అలల్లో బోటు ఊగుడు ఎక్కువవుతుంది. పైగా కిరణం కిందికి 12 డిగ్రీలే దిగుతుంది కాబట్టి, రాడార్ పైకి పోయేకొద్దీ బోటు చుట్టూ కనపడని జాగా పెరుగుతుంది. 5 మీటర్ల మీద 23 మీటర్ల పైచిలుకు ఉండేది, 7 మీటర్లయితే 30 దాటుతుంది. చిన్న తెప్ప తప్పిపోయేది ఆ జాగాలోనే.

బోటు ఒడ్డున ఉన్నప్పుడు లెవెల్ బద్ద పెట్టి సమం చేశాను. నీళ్లలోకి దింపి, డీజిల్, ఐసు ఎక్కించి పరిగెత్తిస్తే ముక్కు పైకి లేచింది, రాడార్ దాంతోపాటు లేచింది. వెనక బోల్టుల కింద పలకలు వేసి సరిచేశాం. ఆ బోల్టులు 316 గ్రేడ్ స్టీలువి. రాడార్ కాలు అల్యూమినియం. మధ్యలో నైలాన్ బుష్ లేకుండా బిగిస్తే ఉప్పునీటికి అల్యూమినియం తెల్లగా పొడిలా రాలిపోతుంది.

నేను చేసిన తప్పు పైపు దగ్గర. కేబుల్ కిందికి దిగడానికి స్టాండు లోపల 25 మిల్లీమీటర్ల పైపు పెట్టాను. కేబుల్ పడుతుంది, దాని చివరి ప్లగ్గు పట్టదు. కొట్టువాళ్ల ఎలక్ట్రీషియన్ నాకు ఫోన్ చేయకుండా కేబుల్ కోసి, అతుకు వేసి, టేపు చుట్టి వెళ్లిపోయాడు. వానాకాలంలో ఆ అతుకులోకి నీరు దిగి, అర్ధరాత్రి వానలో, తీరానికి ఇరవై మైళ్ల అవతల తెర నల్లబడింది. బోటులో తొమ్మిది మంది. తెల్లారేదాకా ఇంజను నెమ్మది చేసి, హారన్ కొట్టుకుంటూ వచ్చారు. అక్క ఫోనులో ఏడ్చింది. కేబుల్ కోసినవాడిది ఎంత తప్పో, ప్లగ్గు కొలవకుండా పైపు వేసిన నాదీ అంతే. కొత్త కేబుల్ తెప్పించి, 50 మిల్లీమీటర్ల పైపు వేసి, కింద వంపు ఇచ్చాను. నీరు ఆ వంపులోనే జారిపోతుంది.

స్టాండు మొదట్లో రాడార్‌ను ఆపేసే ఎర్ర స్విచ్చి కూడా ఒకటి పెట్టాను. తాడు చిక్కుకుందని కళాసీ కుర్రాడు పైకెక్కినప్పుడు కేబిన్‌లో ఎవరైనా రాడార్ ఆన్ చేస్తే ఆ పట్టీ తలకు తగులుతుంది. తిరుగుతున్నప్పుడు దాని ఎదుట ముఖం పెట్టకూడదు కూడా. ఆ స్విచ్చి ఆపకుండా ఎవరూ ఎక్కకూడదని బావగారు పెట్టిన నియమం మూడేళ్లుగా సాగుతోంది.

రాడార్‌తో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. స్టాండు కట్టే నాలాంటివాడికీ, నడిపే సరంగుకీ అది చేరదు. మత్స్యశాఖ వారు నిషేధం రోజుల్లో హార్బర్లలో ఒక పూట, ఈ బిగింపులు తెలిసినవారితో తెలుగులో చెప్పించాలని మనవి. పైపు మార్చిన స్టాండుకు నేను గీసుకున్న డ్రాయింగ్ ఉంది. గిలకలదిండి, నిజాంపట్నం ఎక్కడి వెల్డర్ వచ్చి అడిగినా నకలు ఇస్తాను. పైపు లోపలి కొలత దాని మీద ఎర్ర ఇంకుతో రాసి ఉంది.

– ఒక వెల్డర్, ఆటోనగర్, విజయవాడ