కూలోళ్లు దొరకరు, పని దొరకదు: రెండూ నిజమే

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య సేద్యం గురించి ఎక్కడ మాట వచ్చినా రెండు ముక్కలు వినబడుతున్నాయి. కమతాలు చిన్నవైపోయాయి, ఇంటి మనుషులే చేసుకుంటారు, ఇక కూలీలతో పనేముంది అని ఒకరు. ఉపాధి హామీ వచ్చి కూలోళ్లను సోమరులను చేసింది, పిలిస్తే రావడం లేదు అని ఇంకొకరు. నేను ఎమ్మిగనూరు పక్క పల్లెలో ఐదెకరాల పత్తి రైతును. ఈ రెండు మాటలూ మా చేలల్లోకి వచ్చి చూసినవాళ్లు అనేవి కావు, అందుకే రాస్తున్నా.

మాది వానాధారం. వాన పడి నాలుగు రోజులు తెరిపి ఇచ్చినప్పుడే కలుపు తీయాలి. గడ్డి మొక్కను మించిందా, వేసిన ఎరువంతా దానికే పోతుంది. ఇంట్లో పనికి వంగేది నేను, మా ఇంటావిడ, ఇద్దరమే; పిల్లలు చదువుల్లో ఉన్నారు. ఇద్దరం సాలు పట్టుకుని ఆ గట్టు చేరేసరికి ఈ గట్టున మళ్లీ మొలుస్తుంది. పది మందిని పిలవక తప్పదు. రెండెకరాలున్నవాడు కూడా పిలుస్తాడు, కాకపోతే రెండు రోజులకే పిలుస్తాడు. వాడే మిగిలిన రోజుల్లో భార్యతో కలిసి ఇంకొకరి చేనికి కూలికి పోతాడు. రైతు వేరు, కూలీ వేరు అని కాగితాల మీద గీత గీస్తారు గానీ మా ఊళ్లో సగం ఇళ్లలో ఇద్దరూ ఒకరే. 2018-19లో కేంద్రం చేయించిన సర్వేలో కూడా ఇదే తేలింది: రైతు కుటుంబానికి నెలకు సగటున 10,218 రూపాయలు వస్తే అందులో కూలి, జీతాల మీద వచ్చింది 4,063, పంట మీద మిగిలింది 3,798. సేద్యం చేసే ఇంటికే పంట కంటే కూలి, జీతాలే ఎక్కువ తెచ్చిపెడుతున్నాయి!

ఇప్పుడు పదును వాన పడిన సాయంత్రం మా ఊరు ఎలా ఉంటుందో చెప్తా. చీకటి పడేలోపు పాతికమంది రైతులం కూలోళ్లను తెచ్చే ఒకే మేస్త్రీకి ఫోన్ చేస్తుంటాం. తెల్లారి ఆరుకే ఆటోలు వచ్చేస్తాయి, ఎవరు పది రూపాయలు ఎక్కువ అంటే, ఆటో ఛార్జీ ఎవరు పెట్టుకుంటామంటే ఆ చేనికి మళ్లుతాయి. ఎకరంన్నర, మూడు, ఐదు, అన్నీ చిన్న చేలే, అందరికీ అదే వారం కావాలి, ఎందుకంటే వాన అందరికీ ఒకేసారి పడింది. అదును తప్పితే ఆ ఏడాది పోయినట్టే. ఆ వారం కూలోళ్లు దొరకరు, నిజమే, నేనూ తిరిగి తిరిగి విసిగిపోయినవాణ్ణే.

కానీ ఆ వారం దాటాక కూలోళ్ల కాలనీకి పోయి చూడండి. అరుగుల మీద ఖాళీగా కూర్చుని ఉంటారు. పదిహేను రోజులు, ఒక్కోసారి నెల, ఒక్క పిలుపు రాదు. పాత రోజుల్లో ఊరికి ఇద్దరు ముగ్గురు పెద్ద రైతులు ఉండి, వాళ్ల దగ్గర ఏడాది పొడుగునా జీతగాళ్లు ఉండేవాళ్లు. ఆ కాలం మళ్లీ రావాలని నేను అనను, అప్పుకు కట్టుబడి తరాలు పనిచేసిన ఇళ్లు మాకు తెలుసు. అయితే పని మాత్రం ఒకచోట ఉండేది. ఇప్పుడు ఒక కూలి మనిషి నెల గడవాలంటే పదిమంది చిన్న రైతుల దగ్గర రెండేసి రోజులు ఏరుకోవాలి, ఆ పదిమందీ ఒకే రోజున పిలుస్తారు!

దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు, 2015-16 నాటికి 1.08. మన రాష్ట్రంలో అయితే 0.94, అంటే సుమారు రెండెకరాల ముప్పై సెంట్లు. అదే కాలంలో కూలీలు తగ్గారా అంటే లేదు, 2011 జనాభా లెక్కల్లో దేశంలో సాగుదారులు 11.88 కోట్లు ఉంటే వ్యవసాయ కూలీలు 14.43 కోట్లు. మడి చిన్నదయ్యేకొద్దీ పిలిచేవాళ్లు ఎక్కువయ్యారు, ఒక్కొక్కరు ఇచ్చే పని దినాలు తగ్గాయి.

పెద్ద రైతులు ఉంటే పని ఎక్కువ దొరుకుతుందనుకోవడమూ పొరపాటే. నల్లరేగడిలో యాభై ఎకరాలు కౌలుకు తీసుకుని పప్పుశనగ వేసేవాళ్లను చూస్తున్నాం. విత్తడానికి ట్రాక్టర్, కోతకు మిషన్. మిషన్ కోతకు వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 రకాన్ని నంద్యాల పరిశోధనా కేంద్రమే ఇచ్చింది. రైతుకు మంచిదే, ఖర్చు తగ్గింది, కాదనను. కానీ అన్ని ఎకరాల్లో మనుషులకు దొరికే పని ఎంత? ఎకరానికి లెక్కేస్తే నా పత్తి చేను వాళ్ల శనగ చేనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కూలి ఇస్తుంది. చిన్న కమతంలో ఎకరానికి పడే శ్రమ ఎక్కువ, దిగుబడీ ఎక్కువ అని 1950ల నాటి ప్రభుత్వ సర్వేల్లోనే కనపడింది, అమర్త్యసేన్ 1962లోనే దాని మీద రాశారు. మధ్యలో నలిగేది నాలుగైదు ఎకరాల వాళ్లం. ఇంటి మనుషులు చాలరు, మిషన్ కొనే స్తోమత లేదు, ఆ మిషన్ మా మడిలో తిరగడమూ కష్టమే.

ఇక పంట పనులు అయ్యాక కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఎందుకు పోరు? అక్కడ ఒకే చోట వారాల తరబడి పని. ఇంటికి తాళం, ముసలోళ్లకు బియ్యం, పిల్లలు వెంట. బడి మధ్యలో ఆగిపోతుంది, తిరిగొచ్చాక మళ్లీ చేరే పిల్లలు ఎంతమంది? వీళ్లను సోమరులు అనడానికి నోరెలా వస్తుందో!

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది మా సీమ నేల మీదే. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టంలో 125 రోజుల పని అంటూనే, విత్తనం, కోత కాలాల్లో మొత్తం 60 రోజులు పనులు ఆపొచ్చని పెట్టారు. రైతుగా నాకు ఇది లాభమనుకుంటారేమో. పనులు ఆపితే ఆ వారంలో నాకు ఇద్దరు ఎక్కువ దొరుకుతారేమో గానీ, మిగతా నెలలు ఊళ్లో బతుకు గడవకపోతే ఆ మనుషులే ఊళ్లో ఉండరు. ఆపే రోజుల గురించి ఎంత పట్టుదల ఉందో, పని ఇచ్చే రోజుల గురించీ అంత ఉండాలి. కలుపుకు, పత్తి తీతకు మధ్య ఖాళీలో, మళ్లీ పత్తి అయిపోయి జనం బస్సెక్కే ముందు పనులు తెరవాలి. డబ్బులు నెలల తరబడి ఆపితే ఎవరూ ఆగరు, మిరప తోటల్లో అడ్వాన్స్ చేతికే ఇస్తారు.

కాలువ సంగతీ ఉంది. తుంగభద్ర దిగువ కాలువ చివరి ఊళ్లకు నీళ్లు సరిగ్గా అందితే రెండో పంట పడుతుంది, పనీ ఏడాదిలో సర్దుకుంటుంది. దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి.

ప్రస్తుతానికి అధికారులను అడిగేది ఒకటే. ఉపాధి పనుల క్యాలెండర్ మండల ఆఫీసులో కూర్చుని వేయకండి. ఏ వారం కలుపు, ఏ వారం తీత, ఏ నెల ఖాళీ అనేది ఊరి సభలో రైతులను, కూలోళ్లను ఒకే చోట కూర్చోబెట్టి అడగండి. ఆ సభ జూన్‌లో విత్తనం పడకముందే పెట్టండి.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
ఎమ్మిగనూరు మండలం, కర్నూలు జిల్లా