స్క్వాట్లు చాలవు, తొడ వెనక కండకు వేరే పని పెట్టాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోలీస్ నోటిఫికేషన్ వస్తుందట అన్న మాట వినపడితే చాలు, మీ పేపర్‌తో సహా అందరూ మోడల్ పేపర్లు, కరెంట్ అఫైర్స్ పేజీలకు పేజీలు వేస్తారు. ఈవెంట్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, లాంగ్ జంప్ 4 మీటర్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు అని 2022 నోటిఫికేషన్ లెక్కలే ఒక చిన్న బాక్సులో పెట్టి వదిలేస్తారు. పొద్దున్నే నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండుకు వచ్చి చూడండి, తొడ వెనక చెయ్యి పెట్టుకుని కుంటే పిల్లగాడు ఒక్కడైనా కనిపిస్తాడు. నేను పీఈటీని, రోజూ చూసేది ఇదే, అందుకే రాస్తున్నా.

వాళ్లు కాళ్లకు ఎక్సర్‌సైజులు చేయట్లేదా అంటే బాగానే చేస్తున్నారు, కానీ చేసేవన్నీ స్క్వాట్లే. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ అంటే మూడు కండలు, దాదాపు మొత్తం మనం కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలు దాటి కింద అతుక్కుంటాయి. ముందుకు వంగిన ఒంటిని తుంటి దగ్గర నిటారుగా లేపడం, మోకాలు మడవడం, ఈ రెండు పనులూ వాటివే. స్క్వాట్‌లో కిందికి కూర్చున్నప్పుడు ఆ కండ తుంటి వైపు సాగుతుంది, మోకాలి వైపు వదులవుతుంది, మొత్తం మీద దాని పొడవు పెద్దగా మారదు, పనీ పెద్దగా పడదు. 2019లో వచ్చిన ఒక జపాన్ పరిశోధనలో పది వారాలు స్క్వాట్లు చేయించి స్కాన్ తీస్తే తొడ ముందు కండ, పిర్రల కండ పెరిగాయి, హామ్‌స్ట్రింగ్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

కాబట్టి వంగి లేచేది ఒకటి, మోకాలు మడిచేది ఒకటి, రెండు రకాలూ ఉండాలి. బరువు పట్టుకుని వంగి లేచే డెడ్‌లిఫ్ట్ ఒక్కదానితో సరిపెట్టుకుంటామంటే కుదరదు, ఎందుకంటే ఆ మూడింట్లో ఒకటైన బైసెప్స్ ఫెమోరిస్ అనే కండలో పొట్టి పాయ తుంటి దాకా వెళ్లనే వెళ్లదు, మోకాలు మడిస్తే తప్ప దానికి పని లేదు.

వంగి లేచేదాంట్లో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌ను మించింది నాకు కనపడలేదు. మోకాళ్లు కొంచెం మడిచి అలాగే ఉంచి, పిర్రలు వెనక్కి నెడుతూ, నడుము వంపు తిరగకుండా, తొడ వెనక గట్టిగా లాగినట్టు అనిపించేదాకా వంగి లేవాలి. బరువు నేలకు తాకాల్సిన అవసరం లేదు, తాకించాలని చూసేవాళ్లకే నడుము పట్టేస్తుంది. బార్ లేకపోతే యూరియా సంచిలో సగం దాకా ఇసుక పోసుకోండి, చాలు.

మోకాలు మడిచేదానికి జిమ్‌లో లెగ్ కర్ల్ మెషీన్లు ఉంటాయి. పడుకుని చేసేదీ, కూర్చుని చేసేదీ రెండూ ఉంటే కూర్చునేదే పట్టుకోండి. అందులో తుంటి వంగి ఉంటుంది కాబట్టి కండ సాగిన స్థితిలో పని చేస్తుంది. 2021లో వచ్చిన పరిశోధనలో ఒకే మనిషితో ఒక కాలికి కూర్చుని, ఇంకో కాలికి పడుకుని 12 వారాలు చేయిస్తే కూర్చున్న కాలికి కండ 14 శాతం, పడుకున్న కాలికి 9 శాతం పెరిగింది. మన దగ్గర చాలా జిమ్ముల్లో పడుకునేదే ఉంటుంది, పోనీ అదైనా చేయండి, మానేయడం కంటే నయం.

గ్రౌండులో ప్రాక్టీస్ చేసే పిల్లలకు మాత్రం నేను చెప్పేది నార్డిక్ కర్ల్. రూపాయి ఖర్చు లేదు. మోకాళ్ల మీద నిలబడాలి, వెనక నుంచి దోస్తు మడమలు అదిమి పట్టుకోవాలి, ఒళ్లు కర్రలా నిటారుగా ఉంచి వీలైనంత మెల్లగా ముందుకు వాలాలి, ఇక ఆగలేమనుకున్నప్పుడు చేతులు ఆన్చాలి. మోకాళ్ల కింద టవల్ వేసుకోండి, మన గ్రౌండుల్లో కంకర సంగతి తెలిసిందే కదా. పరుగులో ఈ కండ ఎక్కువగా చిరిగేది, ముందుకు విసిరిన పాదం నేలకు ఆనబోయే ముందు, అంటే కండ సాగుతూనే బ్రేక్ వేస్తున్నప్పుడు. నార్డిక్‌లో అచ్చంగా ఆ పనే నేర్పిస్తాం. డెన్మార్క్‌లో 50 ఫుట్‌బాల్ టీముల్లో 942 మంది మీద చూసి 2011లో ప్రచురించారు, ఇది చేసిన టీముల్లో 15 గాయాలు, చేయని టీముల్లో 52.

అయితే మొదటి వారమే ఎగబడొద్దు. ఐదేసి చొప్పున రెండు సెట్లు, అదీ వారానికి ఒక్కసారే. మర్నాడు మెట్లు దిగలేనంత నొప్పులు వస్తాయి, ఈవెంట్స్ వారం ఉందనగా మొదలుపెట్టేవాళ్లకు నష్టమే ఎక్కువ. రెండో వారం రెండుసార్లు, మూడో వారం నుంచి మూడుసార్లు చేస్తూ మెల్లగా పెంచుకోవాలి. ఇప్పటికే కండ చిరిగి కమిలినవాళ్లు మాత్రం ఇవేవీ చేయకుండా, నూనె రాసి గట్టిగా తోమించుకోకుండా డాక్టర్‌కో ఫిజియోకో చూపించుకోవాలి.

ఎడిటర్ గారూ, వచ్చే నోటిఫికేషన్‌కైనా ఆ బాక్సు పక్కన రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, నార్డిక్ కర్ల్ బొమ్మలు వేయండి. ఇంకో మాట, పార్కుల్లో ఓపెన్ జిమ్ముల పేరుతో ఊగేవీ తిరిగేవీ చాలా పెట్టారు, వాటి పక్కన మడమలు ఇరికించుకునేంత ఎత్తులో ఒక ఇనుప పైపు బిగిస్తే ఒంటరిగా వచ్చే అమ్మాయిలు కూడా నార్డిక్ చేసుకోవచ్చు, పట్టుకోవడానికి మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఇట్లు,
ఒక పీఈటీ,
నల్లగొండ